శిలాద్వారం దగ్గర బోరో

అద్దంకి
12-9-2002

బిందూ,

నిన్ను గుంటూరు హాస్టల్లో దింపిన మర్నాడే మీ నాన్న చీరాల నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి, నీ కంప్యూటర్ని మా ఇంట్లో పడేసి పోయాడు. ఎరువుల బస్తాల పక్కన పెట్టి, పైన గోనెపట్టా కప్పి, "అక్కా, ఎంసెట్ అయ్యేదాకా దీన్నెవరూ ముట్టుకోకూడదు. మెడిసిన్ సీటొచ్చాకే బిందు దీని మొహం చూసేది" అని నాచేత ఒట్టు పెట్టించుకోబోయాడు. నేను పెట్టలేదు. వాడికి నేను అక్కనా, నాకు వాడు అన్నా?

అయినా ముట్టుకోకుండా ఎలా కుదురుతుందే? ఏ మిషనైనా మూలన పడేస్తే బిగుసుకుపోతుంది. వానలు పడి అవసరం లేనప్పుడు కూడా మన ఆయిలింజన్ని నేను వారం వారం తిప్పుతూనే ఉంటాను. అందుకని పొద్దున పాలు పితికాక కాసేపు నీ కంప్యూటర్ని కూడా తిప్పుతున్నాను. చీరాల వచ్చినప్పుడు నువ్వు నేర్పిన పేకాట పుణ్యమా అని మౌసు పట్టుకోవటం వచ్చుగా నాకు.

పేకాట కోసం వెతుకుతుంటే ఇంకోటేదో తెరుచుకుంది. మంచు పడుతోంది. ఎదురుగా పెద్ద రాతి ద్వారం. దాని ముందు కత్తి పట్టుకుని ఒక పిల్ల. తల మీద ఇంగ్లీషులో నీ పేరుంది. పక్కన ఒక మనిషి, మన గుమ్మంలో పట్టడు, వీపున బండెడు సామాను. వాణ్ణి నొక్కితే "చిన్నదానా, నాకు ఆకలి" అంటున్నాడు. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. ఎస్సెస్సెల్సీ ఇంగ్లీషుతో సహా పాసయినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుస్తుంది. ఎవరే అతను? వెంటేసుకుని తిరుగుతూ ముద్ద పెట్టకపోతే ఎలాగే?

మిరప నారు నాటటం పూర్తయింది. నువ్వు తింటున్నావా?

ఆరాటంతో,
అత్తయ్య సుబ్బరావమ్మ


గుంటూరు
20-9-2002

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. దేన్నీ నొక్కకు! నీకు దణ్ణం పెడతాను. ఆన్ చెయ్యి, చూడు, ఆపెయ్యి. అంతే.

అది ఓర్మండ్రియా. లోకంలో ఇంతకన్నా గొప్ప ఆట లేదు. కోటేష్ బావ బెంగుళూరు నుంచి సీడీ తెచ్చిచ్చినప్పటి నుంచి ఆడుతూనే ఉన్నాను, ఇంకా అవలేదు. అంత పెద్దది. అడవులు, ఎడారులు, మంచుకొండలు, ఒక్కో ఊరికి ఒక్కో పాట. వెల్గోత్ అనే మాయరాజు లోకాన్ని మింగెయ్యబోతున్నాడు. వాణ్ణి ఆపాలి. నువ్వు చూసిన పెద్దమనిషి బోరో. రాక్షసజాతి. మొదట్లో వాణ్ణి గొలుసులతో కట్టేసి ఉంటే నేనే విడిపించాను. అప్పట్నుంచి నా వెనకే వస్తున్నాడు.

లోపాలు లేవని అనను. పడవ ప్రయాణం మరీ సాగదీశారు. వైద్యురాలి గొంతు వింటే తలనొప్పి. కానీ ఆ శిలాద్వారం ఉంది చూడు, అక్కడ ఆ ఆట చేసినవాళ్ల కాళ్లు మొక్కాలనిపిస్తుంది. ఆ ద్వారం ఒక్కరికే తెరుచుకుంటుంది, రెండోవాళ్లు బయటే రాయిగా మారిపోవాలి. అంటే బోరోని రాయిని చేస్తేనే నేను లోపలికెళ్లగలను. నాకు చేతులు రాలేదత్తయ్యా. రోజూ అక్కడిదాకా వచ్చి, చూసి, ఆపేసేదాన్ని. అలా ఉండగానే నాన్న వైరు పీకేశారు. మేలో వచ్చి నేనే తేల్చుకోవాలి. ఆ ఆటలో సేవ్ చేసుకునే చోటు ఒక్కటే. నువ్వు అటూ ఇటూ చేసి సేవ్ నొక్కావంటే నా పని గోవిందా.

నేను బాగానే ఉన్నాను. తెల్లారుజాము నుంచి చదువే. ఇక్కడ ఏ ఉత్తరమైనా వార్డెన్ గారు చదివాకే కదులుతుంది.

నీ కాళ్లావేళ్లా పడుతూ,
బిందు

(ఎర్ర సిరాతో) సుబ్బరావమ్మ గారికి: మీ మేనకోడలి ఉత్తరంలో ద్వారం, గొలుసులు, రాయి, బోరో అనే అబ్బాయి కనిపిస్తున్నారు. విడిపించాను, వెనకే వస్తున్నాడు అని కూడా ఉంది. వివరణ పంపండి. – రెబ్కా, వార్డెన్.


అద్దంకి
5-10-2002

బిందూ,

ముందు మీ వార్డెన్ గారికి. అమ్మా రెబ్కా గారూ, బోరో అబ్బాయి కాదు. మా చింతచెట్టంత ఉంటాడు, ఆటలో బొమ్మ. మీరు కంగారుపడకండి.

ఇక నీకు. ఆన్ చేసి చూసి ఆపెయ్యమన్నావు. చూశాను. వాడు ఆకలి అన్నాడు. ఎలా ఆపెయ్యమంటావే? వాణ్ణి తీసుకుని వెనక్కి నడిచి, కొండ కింద పూటకూళ్ల ఇల్లుంటే అక్కడికి తీసుకెళ్లాను. కూర తినిపిస్తే నవ్వాడే! నొక్కితే "చిన్నదానా, బాగుంది" అన్నాడు. ఎన్నాళ్లయిందో పాపం. నీ మూటలో వైద్యానికి మందు సీసాలు కుప్పలున్నాయి గానీ తినడానికి ఒక్క రొట్టె లేదు. ఇదేం సంసారం?

కిందికి దిగాను కాబట్టి నాలుగు ఊళ్లు చూశాను. నాకు నచ్చలేదు. ఎక్కడా ఒక చెక్క దున్నిన పాపాన పోలేదు. ఇంత నల్లరేగడి పెట్టుకుని బీడు పెట్టారు. అందరూ వీధుల్లో నిలబడి ఉంటారు. ఎవర్ని పలకరించినా "చీకటి రోజులు బాటసారీ" అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అదే మాట. నేనెళ్లి "బావున్నారా" అన్నా అదే. ఏదో మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారనిపించింది. నువ్వేమైనా చేశావా వాళ్లని?

కంప్యూటర్ పక్కన కూచోపెట్టి చెంచయ్యకి కూడా చూపించాను. మన మోటారు మెకానిక్కే. "ఆ ఊళ్లో బావికి మోటరు పెట్టొచ్చమ్మా, నీళ్లు పైనే ఉన్నాయి" అన్నాడు.

కోపగించుకోవద్దంటూ,
అత్తయ్య


గుంటూరు
14-10-2002

అత్తయ్యా,

సేవ్ నొక్కలేదుగా? అది చాలు. ఒకసారి ఆపేసి మళ్లీ తెరిస్తే ద్వారం దగ్గరే ఉంటాను.

ఊళ్లో వాళ్లకి నీ మీద కోపమేం లేదు. ఆటలో వాళ్లకి అన్ని మాటలే నేర్పారు. బీడు ఎందుకంటే వెల్గోత్ నీడ పడింది కాబట్టి. అది ఎంత బాగా చూపించారో నువ్వు గమనించాలి. మొదటి ఊళ్లో పక్షులు కూస్తాయి, ముందుకు పోయేకొద్దీ ఒక్కో పక్షి తగ్గిపోతుంది. ఇలాంటివి వేరే ఏ ఆటలోనూ ఉండవు. మా గదిలో అమ్మాయిలకి చెబితే, వాళ్లు కెమిస్ట్రీ పుస్తకాలు పక్కన పెట్టి విన్నారు.

ఇంకో సంగతి. నా చేతిలో ఉన్న నీలికత్తి మామూలుది కాదు. ఏడుగురు సంరక్షకుల్ని గెలిచి, ఒక పాడుబడ్డ కోటలో పెట్టెలోంచి తీశాను. వేసవి సెలవులన్నీ దానికే పోయాయి. దాన్ని చూస్తే చాలు నాకు ధైర్యంగా ఉంటుంది. ఇక్కడ కూడా పరీక్ష ముందు కళ్లు మూసుకుని దాన్నే తలుచుకుంటాను.

ఉంటాను. నేను బాగానే ఉన్నాను.
బిందు

(ఎర్ర సిరాతో) విషయం అర్థం చేసుకోవడానికి బిందుమాధవిని స్టడీ అవర్లో పిలిపించి అడిగాను. కథ గంట చెప్పింది. మధ్యలో ఆపి పంపలేక గంట విన్నాను. నా అభిప్రాయంలో బోరోని వదలక తప్పదు. కథ అటే నడుస్తోంది. ఇంకొకటి, అమ్మాయి బాగానే లేదు. పళ్లెంలో సగం వదిలేస్తోంది. – రెబ్కా.


అద్దంకి
2-11-2002

బిందూ,

నువ్వు చెప్పిన పెట్టె సంగతి చదివాక గానీ నా బుర్రకి వెలగలేదు. పెట్టెలోంచి తీశానన్నావు. ఎవరి పెట్టె? నీ మూట విప్పి చూశాను. గొడుగులు, వెండి గ్లాసులు, ఎవరో పెళ్లికూతురి ఉంగరం, మందు సీసాలు, తాళంచెవులు. నేను కాసేపు నడిచి చూశాను కదా, ఆ ఆటలో ఎవరి ఇంటి తలుపూ కొట్టక్కర్లేదు, నేరుగా లోపలికెళ్లి పెట్టె మూత తీసి సామాను తీసుకోవచ్చు. ఇంటివాళ్లు అక్కడే నిలబడి చూస్తూ ఉంటారు! ఇంకా "చీకటి రోజులు" అనక ఏమంటారే నిన్ను చూసి? నాకు తల కొట్టేసినట్టయింది. మన ఇంటి పిల్ల చెయ్యాల్సిన పనేనా ఇది?

ఈ రెండు వారాలూ అదే పని పెట్టుకున్నాను. ఏ వస్తువు మీద మౌసు పెట్టినా ఏ ఊరిదో అదే చెబుతోంది. ఎవరిది వాళ్ల పెట్టెలో పెట్టొచ్చాను. ఉంగరం పెళ్లికూతురికి, గొడుగులు గొడుగులవాళ్లకి. నీలికత్తి ఆ పాడుకోటలో. అక్కడెవరూ లేరు గానీ, ఎవరో ఒకళ్లదే కదా. బోరో వీపు తేలికైంది, ఇప్పుడు చకచకా నడుస్తున్నాడు. అంతా ఇచ్చేసినా ఆ జనం మాత్రం "చీకటి రోజులు" మానలేదు. ఎంత మనసు నొచ్చుకున్నారో చూడు.

బయటికొచ్చేటప్పుడల్లా సేవ్ చెయ్యనా అని అడిగింది. చెయ్యమన్నాను. అంత కష్టపడి చేసిన పనిని ఎవరైనా పారేసుకుంటారా?

నువ్వు సరిగా తినట్లేదట. ఏమే, నాకు బాగానే ఉన్నానని రాస్తావా?

నీ మేలు కోరి,
అత్తయ్య


గుంటూరు
10-11-2002

ఇకమీదట మీకు ఉత్తరాలు రాయను.

బిందుమాధవి

(ఎర్ర సిరాతో) సుబ్బరావమ్మ గారూ, మీ పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదు. మీరు చేసింది నీతిగా ఒప్పే అయినా, కత్తి విషయంలో తొందరపడ్డారు. పాడుబడ్డ కోట అని బిందు ముందే రాసిందిగా, వారసులెవరుంటారు? మిగతావాటి గురించి నేనేమీ అనను. పెళ్లికూతురు ఉంగరం తీసుకుందా? – రెబ్కా.


అద్దంకి
8-12-2002

బిందూ,

మీరు అని రాశావు నాకు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ పక్కన కూచున్నదాన్ని, నన్ను మీరంటావా? కత్తి విషయం తప్పయితే తప్పే. తెచ్చిద్దామని మళ్లీ కోటకి పోయాను. ఈసారి తలుపు తెరుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. చెంచయ్య కూడా పక్కన నిలబడి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

కానీ ఒకటి చెబుతాను విను. వెల్గోత్ లోకాన్ని మింగేస్తాడన్నావు. నేను ఊరూరా తిరుగుతూ సామాను ఇస్తూ ఇన్నాళ్లు గడిపాను. రేపే ప్రళయం అని గోడలమీద రాసుంది. ఏదీ? వాడు కదల్లేదు. ఆ మబ్బు అక్కడే ఉంది, ఆ మెరుపు అక్కడే ఉంది. మనం వాడి గుమ్మం తొక్కితే తప్ప వాడేం చెయ్యడే! నువ్వు ఏడాది ఆగి వెళ్లినా వాడు ఆగే ఉంటాడు. ఇంతోటిదానికి నువ్వు నిద్ర మానుకోవటం దేనికి? పైగా ఈ వెల్గోత్ మాట చదువుతున్నప్పుడల్లా నాకు మీ నాన్న గొంతు వినపడుతోంది. సీటు రాకపోతే మునిగిపోతాం, మునిగిపోతాం అని.

రెబ్కా గారికి: ఉంగరం తీసుకుంది. ముఖం మాత్రం మారలేదు.

కోపం తగ్గితే రెండు ముక్కలు రాయి.
నీ అత్తయ్యే


గుంటూరు
19-1-2003

అత్తయ్యా,

కోపం తగ్గింది. కత్తి గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అయినా నువ్వు లేకుండా ఉత్తరాల రోజు నాకు తోచలేదు.

మొన్న నాన్న వచ్చారు. మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్తూ, "నీ మనసు ఇంకా ఆ డబ్బా మీదే ఉంది. శివరాత్రి లోపు అమ్మేస్తున్నాను. మనిషిని చూశాను" అన్నారు. అంటే మేలో నాకది ఉండదు. బోరో, ద్వారం, అన్నీ ఎవరింటికో పోతాయి. వాళ్లు తీసేసి ఇంకేదో పెట్టుకుంటారు.

అందుకని నిర్ణయం తీసుకున్నాను. నువ్వే వెళ్లు. ద్వారం దగ్గర ఎవరు ఆగాలి అని అడుగుతుంది, బోరో పేరు నొక్కు. లోపలికి వెళ్లి ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాయి. ఇన్నాళ్లూ నేను చూడలేకపోయాను గానీ, ఆ ఆట గొప్పదనమే అది. ప్రాణానికి ప్రాణమైనవాణ్ణి మన చేత్తోనే పోగొట్టుకునేలా చేస్తుంది. నేను పిరికిదాన్ని. నువ్వు కాదు. వాడు రాయి అయ్యేముందు మాత్రం కడుపునిండా పెట్టు.

ఇంక రాయలేను,
బిందు

(ఎర్ర సిరాతో) ఉత్తరం మీద తడి బిందుది మాత్రమే కాదు. వెల్గోత్ ముఖం ఎలా ఉంటుందో తప్పకుండా రాయండి. – రెబ్కా.


అద్దంకి
6-2-2003

బిందూ,

కూచుని చదువు. రెబ్కా గారూ, మీరూ కూచోండి.

కాయ కోతలు మొదలయ్యాయి. కల్లంలో మిరపకాయలు ఆరబోసి, మనుషుల్ని తాలు ఏరే పనిలో పెట్టి, వంటకి ఇంకొకళ్లని పురమాయించి వచ్చి కూచున్నాను. ముందు పూటకూళ్ల ఇంట్లో బోరోకి ఉన్నవన్నీ పెట్టించాను. "చిన్నదానా, బాగుంది" అన్నాడు. నువ్వు చంపినవాళ్లెవరూ తిరిగి లేవలేదు కాబట్టి, కత్తి లేకపోయినా దారి ఖాళీగానే ఉంది. ద్వారం దగ్గరికి చేరాం.

ఎవరు ఆగాలి అని అడిగింది. బోరో పేరుంది. నువ్వు చెప్పినట్టే నొక్కబోయాను. దాని కింద ఇంకో పేరుంది. నీ పేరు. నువ్వెప్పుడూ చూడలేదా? నేను మాత్రం రెండోసారి ఆలోచించలేదు. దారిపొడుగునా సామాను మోసి, ఆకలి అన్నాడే గానీ రానన్నవాడు కాదు. వెంట తెచ్చుకున్నవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి మనం లోపలికెళ్తామా? నీ పేరు నొక్కాను.

ద్వారం తెరుచుకుంది. బోరో ఒక్కడే లోపలికి వెళ్లాడు. చేతిలో కర్ర ముక్క కూడా లేదు. పక్కన కూచున్న చెంచయ్య బయటికెళ్లిపోయాడు, చూడలేక. లోపల పెద్ద హాలు. వెల్గోత్ సింహాసనం మీద ఉన్నాడు. ముఖం, రెబ్కా గారూ, మాడిపోయిన అట్టులా ఉంది. వాడు పెద్ద ఉపన్యాసం మొదలెట్టాడు. యుగాలు, చీకటి, అంతం అంటూ. ఎంతసేపు చెప్పాడో! బోరో తల గోక్కుంటూ విన్నాడు. అంతా అయ్యాక, "పెద్దయ్యా, నాకు ఆకలి" అన్నాడు.

అని వాణ్ణి తినేశాడు.

అంతే. కిరీటంతో సహా మింగేశాడు. తర్వాత "బాగుంది" అన్నాడు. పైన పక్షులు కూశాయి. తెరనిండా ఇంగ్లీషు పేర్లు పోతూనే ఉన్నాయి, పెళ్లిలో చదివింపులు చదివినట్టు. నేను లేచి వీధిలోకి పరిగెత్తి, కల్లంలో ఆడవాళ్లందరికీ బెల్లం పంచాను. ఎందుకని అడిగితే మా బోరో గెలిచాడన్నాను.

ఆనందం పట్టలేక,
అత్తయ్య


గుంటూరు
13-2-2003

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా!

తినేశాడా! ఉత్తరం చదువుతూ స్టడీ హాల్లో గట్టిగా అరిచేశాను. వార్డెన్ గారు తిట్టాలిగా, నాకన్నా ముందు ఆవిడే చదివి ఉన్నారు కాబట్టి తిట్టలేదు. గదిలో అందరూ దిండ్లు ఎగరేశారు.

నేను ఆ ఆట గురించి అనుకున్నదంతా తప్పు. పోగొట్టుకోవటం నేర్పేందుకు చేశారనుకున్నాను. అలా కాదు. రెండో పేరు వాళ్లు అక్కడే పెట్టారు, చూసేవాళ్లు చూస్తారని. అన్నాళ్లు ఆ ద్వారం ముందు నిలబడి, బోరో ఉండాలా, వెల్గోత్ చావాలా అని కొట్టుకున్నానే గానీ కింది వరుస చదవలేదు నేను! లోకంలో ఇంతకన్నా గొప్ప ఆట లేదని మళ్లీ రాస్తున్నాను, ఈసారి తెలిసి రాస్తున్నాను. నాన్న అమ్మేసినా ఫర్వాలేదు. బోరో బతికున్నాడు.

ఎగురుతూ,
బిందు

(ఎర్ర సిరాతో) నేను ఊహించింది తప్పని ఒప్పుకుంటున్నాను. ఇవాళ అమ్మాయి మారు వడ్డించుకుంది. – రెబ్కా.


అద్దంకి
24-2-2003

బిందూ,

నీ సంతోషం చూసి చెప్పకూడదనుకున్నాను. కడుపులో దాచుకోవటం నాకు చేతకాదు.

ఆ పేర్లన్నీ అయిపోయాక ఆట మళ్లీ ద్వారం దగ్గర తెరుచుకుంది. మంచు తగ్గింది. అక్కడ రాయి ఉంది. నీ ఎత్తే, నీ జడే. కింద ఇంగ్లీషులో "ఇక్కడ బిందు నిలిచింది" అని రాసుంది. బోరో బయటికొచ్చి దాని పక్కన కూచున్నాడు. మౌసు కదిపితే ఇప్పుడు వాడే నడుస్తాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్తే తినట్లేదు. నొక్కితే "చిన్నదానా" అంటాడు, ఆపైన ఇంకేం అనడు. నొక్కింది నా చెయ్యే కదే. పేరు చూశాను, బొమ్మే కదా అనుకున్నాను. రాయి మీద చదివాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. నువ్వు అన్నం వదిలేస్తున్నావని రెబ్కా గారు రాసిన ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను.

నిన్న మీ నాన్న కొనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. వైరు పీకబోతూ తెర మీద చూశాడు. "ఇదేంటక్కా, బిందు పేరు రాయి మీద రాశారేంటి?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది ఆటేలే అంటాడేమో, నన్ను తిడతాడేమో అనుకున్నాను. వాడు బస్తా మీద కూచున్నాడు. మౌసు తీసుకుని బోరోతో ఆ రాయిని తోయించటం మొదలెట్టాడు. కదల్లేదు. ఇటువైపు నుంచి తోయించాడు. అటువైపు నుంచి తోయించాడు. కొనే మనిషి బయట ఆటోలో కూచుని కూచుని, వెళ్లిపోయాడు. మీ నాన్న తోస్తూనే ఉన్నాడు. మధ్యలో నేను అన్నానికి పిలిస్తే, "ఉండక్కా, కాస్త కదిలినట్టుంది" అన్నాడు. ఏం కదల్లేదే. నేను చూస్తూనే ఉన్నా. నీళ్లు నిండి వాడికి కళ్లు సరిగా కనపడట్లేదు.

పొద్దున లేచి చూస్తే మళ్లీ అక్కడే ఉన్నాడు. నాతో ఎంసెట్ మాట ఎత్తలేదు. ఆదివారం ఇద్దరం నిన్ను చూడ్డానికి వస్తున్నాం. రెబ్కా గారూ, మీ నిబంధనలు ఏవైనా సరే, మా పిల్లని ఒక పూట బయటికి పంపాలి. నేను వండి తెస్తాను.

ఒక్క మాట బిందూ. ఆ రాయిని మళ్లీ మనిషిని చేసే ఉపాయం ఏదో నీకు తెలిసే ఉంటుందని మీ నాన్న గట్టిగా నమ్ముతున్నాడు, రాగానే నిన్ను అదే అడుగుతాడు. నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. లేదని మాత్రం వాడితో అనకు.

అత్తయ్య